తిరిగి వెళ్లాల్సిన మనిషి

జైలు సినిమా అనగానే తెలుగు ప్రేక్షకుడి కళ్ల ముందు కదిలేది తప్పించుకునే మనిషి. 1983 నాటి 'ఖైదీ'లో పోలీసుల మీద తిరగబడి బయటపడ్డ సూర్యం, 2017 నాటి 'ఖైదీ నంబర్ 150'లో జైలు నుంచి పారిపోయి వచ్చి మరొకడి పోరాటాన్ని భుజానికెత్తుకున్న కత్తి శీను, ఆ మధ్యలో వచ్చిన ఎన్నో సినిమాలు. అన్నిటిలోనూ గోడ ఉన్నది దూకడానికే. పదేళ్లు లోపల ఉండి, కొన్ని రోజుల సెలవు మీద ఇంటికొచ్చి, గడువు తీరే రోజున ఎవరూ ఈడ్చుకెళ్లకుండా తన కాళ్ల మీద తానే జైలు గేటు దాకా నడిచే మనిషి మన తెర మీద అరుదు. నిజజీవితంలో మాత్రం సెలవు మీద వచ్చిన ఖైదీల్లో అత్యధికులు అలా నడిచి వెళ్లేవాళ్లే.

గోడ దూకేవాడి కథ గోడ దాటగానే సగం అయిపోతుంది. తిరిగి వెళ్లాల్సినవాడి కథ ఇంటి గుమ్మంలో అడుగు పెట్టాకే మొదలవుతుంది. ప్రతి భోజనం, ప్రతి పలకరింపు, ప్రతి పాత బాకీ గడువుకు కట్టుబడి ఉంటుంది. తక్కువ డబ్బుతో, కొత్త నటులతో, ఒకే ఊళ్లో తీయగల నేరకథ ఏదైనా ఉంటే అది ఇదే అని నా నమ్మకం. ఆ ఊరు హైదరాబాద్ శివారు తెల్లాపూర్ అయితే మరీ మంచిది. ఎందుకో చెప్పేముందు, ఈ కథను ఇప్పటిదాకా ఎవరెవరు ఎలా చెప్పారో చూడాలి. సినిమా ఒక్కటే చూసినా చాలదు. పెరోల్ ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది తేలకుండా ఈ కథ రాయలేం.

మనవాళ్లు ఈ దారిలో అసలు నడవలేదని కాదు. 1957లో వి. శాంతారామ్ తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్'లో ఒక జైలు అధికారి ఆరుగురు హంతకులను పెరోల్ మీద తీసుకెళ్లి బీడు భూమిని సాగు చేయిస్తాడు. దానికి మూలం ఔంధ్ సంస్థానంలో ఆట్పాడి దగ్గరి స్వతంత్రపూర్‌లో జరిగిన నిజమైన ప్రయోగం. గోడలు లేని ఆ జైలు కథ బెర్లిన్ చిత్రోత్సవంలో సిల్వర్ బేర్ అందుకుంది. అదే కథ 1976లో ఎన్టీ రామారావుతో 'మా దైవం'గా తెలుగులోకి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు శోభన్‌బాబు 'ఖైదీ బాబాయ్' వచ్చింది. రాజేశ్ ఖన్నా 'దుష్మన్'కు అది తెలుగు రూపం. లారీ కింద పడి ఒక రైతు చనిపోతే, ఆ డ్రైవర్‌ను జైల్లో పెట్టకుండా, చనిపోయినవాడి ఇంట్లోనే ఉండి ఆ కుటుంబాన్ని పోషించమని జడ్జి తీర్పిస్తాడు. చట్టంలో అలాంటి శిక్ష లేదు, కథ అంతా కల్పనే. అయినా ఖైదీని బాధితుల గుమ్మం ముందు నిలబెట్టి, వాళ్ల కోపాన్ని కోపంగానే చూపించిన సాహసం అందులో ఉంది. ఆ తర్వాత యాభై ఏళ్లలో మన వాణిజ్య సినిమా ఆ సాహసాన్ని మళ్లీ పెద్దగా చేయలేదు.

ఈ రెండు కథల్లోనూ నాకు కనిపించే లోటు ఒకటే. ఖైదీ మంచివాడుగా మారడమే కథ. మార్చేవాడు ఒక మహానుభావుడు, అధికారో న్యాయమూర్తో. ఖైదీకి తనదంటూ ఇల్లు, పొలం, పెళ్లాం, అప్పు, పగ ఉన్నట్టు కనిపించదు. సెలవు మీద వచ్చినవాడికి అవన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి. అది చూడాలంటే తుర్కియే దాకా వెళ్లాలి.

యిల్మజ్ గునే రాసిన 'యోల్' 1982లో కాన్ చిత్రోత్సవంలో కోస్టా గావ్రాస్ 'మిస్సింగ్'తో కలిసి పామ్ ద్యోర్ పంచుకుంది. 1980 సెప్టెంబరులో సైన్యం అధికారం చేజిక్కించుకున్న తర్వాతి కాలం. ఇమ్రాలి ద్వీపం జైలు నుంచి ఐదుగురు ఖైదీలకు వారం రోజుల సెలవు దొరుకుతుంది. ఒకడు దారిలో తనిఖీ దగ్గర సెలవు కాగితం పోగొట్టుకుంటాడు. అంతే, ఇల్లు చేరకుండానే మళ్లీ లాకప్పు. ఇంకొకడు మంచు కొండల మధ్య ఊరికి వెళ్తాడు. తప్పు చేసిందని కట్టేసి ఉంచిన భార్యను అతనే శిక్షించాలని ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారు. జైలు ఇచ్చిన సెలవులో ఊరు అతనికి ఇంకో నేరాన్ని అప్పగిస్తుందన్నమాట. బయట ఉన్నది స్వేచ్ఛ కాదని, అక్కడ మరికొన్ని గోడలున్నాయని ఉపన్యాసం లేకుండా చూపించిన సినిమా ఇది. ఈ సినిమా పుట్టుకే పెద్ద కథ. గునే ఒక జడ్జి హత్య కేసులో శిక్ష అనుభవిస్తూ, లోపలి నుంచే స్క్రిప్టు, షాట్ల వివరాలు రాసి పంపితే షెరీఫ్ గోరెన్ చిత్రీకరించాడు. 1981లో గునే తాను సెలవు మీద బయటికొచ్చి తిరిగి వెళ్లలేదు. దేశం దాటి స్విట్జర్లాండ్‌లో ఎడిటింగ్ పూర్తి చేశాడు. తుర్కియేలో ఆ సినిమా బహిరంగంగా ఆడింది 1999లోనే. తిరిగి వెళ్లేవాళ్ల గురించి ఇంత గొప్ప సినిమా తీసినవాడు తానే తిరిగి వెళ్లలేదన్న సంగతిని దాచకూడదు. సెలవు వ్యవస్థలో ఉన్న ప్రమాదం అదే. ఆ ప్రమాదం ఉన్నా సెలవు ఇవ్వాలని వాదించేవాళ్లు దాన్ని ఒప్పుకునే వాదించాలి.

అస్గర్ ఫర్హాదీ 2021 సినిమా 'ఎ హీరో' ఇంకా దగ్గరి ఉదాహరణ. షిరాజ్‌లో అప్పు తీర్చలేక జైలుకెళ్లిన రహీమ్ రెండు రోజుల సెలవు మీద వస్తాడు. రాగానే ఇంటికి వెళ్లడు. ప్రాచీన రాజుల సమాధుల దగ్గర మరమ్మతులు చేస్తున్న బావను చూడటానికి కొండకు ఆనించి కట్టిన ఇనుప పరంజా మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతాడు. కెమెరా తొందరపడదు, మెట్లన్నీ ఎక్కనిస్తుంది. ఎంత ఎక్కాలో, ఎంత తక్కువ సమయం ఉందో మాట లేకుండా మనకు తెలిసిపోతుంది. దొరికిన బంగారు నాణేల సంచిని సొంతదారుకు తిరిగిచ్చినందుకు అతణ్ణి వీరుణ్ణి చేస్తారు. జైలు అధికారులు ఆ మంచితనాన్ని తమ సంస్కరణల ప్రచారానికి వాడుకుంటారు. తర్వాత ఒక చిన్న అబద్ధం పెరిగి పెద్దదై అతణ్ణి మింగేస్తుంది. ఒక్క తుపాకీ లేదు, ఒక్క ఛేజ్ లేదు. పేదవాడి మాటకు సాక్ష్యం ఎవరిస్తారన్న ప్రశ్న మీదే రెండు గంటలు ఊపిరి బిగబట్టి చూస్తాం. సెలవు కథకు కావలసిన బిగువు ఎక్కడుందో ఈ సినిమా చూస్తే తెలుస్తుంది. తమిళంలో 2022లో ద్వారక్ రాజా 'పరోల్' పేరుతోనే ఒక సినిమా తీశాడు. పొరుగు భాషల్లో ఈ ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి.

ఇక తెల్లాపూర్. ఇక్కడి నుంచి పది పదిహేనేళ్లు దూరంగా ఉన్నవాడికి తన ఊరు దొరకదు. రామచంద్రాపురం మండలంలో ఒక గ్రామ పంచాయతీగా ఉన్న ఊరు 2018లో మున్సిపాలిటీ అయ్యింది. చేలు ఉన్నచోట ఆకాశాన్నంటే టవర్లు, ప్రహరీ గోడల మధ్య విల్లాలు. పక్కనే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు. ఒకవైపు బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్, ఇంకాస్త ముందుకు పోతే పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం ఫ్యాక్టరీలు. షిఫ్టు బస్సులు, కాంక్రీటు మిక్సర్ లారీలు, బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కూలీల రేకుల గదులు. పటాన్‌చెరు మీదుగా పోయే ముంబై హైవే మీద ఇంకొంచెం వెళ్తే కంది. అక్కడ ఐఐటీ హైదరాబాద్ ఉంది, సంగారెడ్డి జిల్లా జైలూ అక్కడే ఉంది. నేరం, భూమి, ఫ్యాక్టరీ, జైలు ఒకే రోడ్డు మీద గంట ప్రయాణంలో ఉన్న ప్రాంతం ఇది. సెట్ వేయాల్సిన పని లేదు.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు ఉంది. ఖైదీలను కందికి తరలించాక దాన్ని మ్యూజియం చేశారు. 2016లో జైళ్ల శాఖ అక్కడ 'ఫీల్ ద జైల్' పథకం పెట్టింది. అప్పట్లో 500 రూపాయలు కడితే ఒక రోజంతా ఖైదీలా లోపల ఉండనిచ్చేవారు. ఖద్దరు బట్టలు, స్టీలు కంచం, గ్లాసు, సబ్బు ఇచ్చేవారు. జైలు తిండే పెట్టేవారు. దేశదేశాల పత్రికలు దాని గురించి రాశాయి. లోపల ఒక రోజు ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. లోపలున్నవాడికి బయట ఒక్క రోజు దొరకాలంటే ఏమేం కావాలి? దాని గురించి మన పత్రికలు రాసింది చాలా తక్కువ.

చట్టం ప్రకారం దారులు రెండు. ఇంట్లో చావో, జబ్బో, పెళ్లో, పంట పనో వంటి ఫలానా కారణం చూపిస్తే ప్రభుత్వం శిక్షను కొన్నాళ్లు నిలిపివేసి పంపడం పెరోల్. ఆ రోజులు శిక్షలో కలవవు. బయట గడిపినంతా తర్వాత లోపల గడపాల్సిందే. కారణం అక్కర్లేకుండా, కొంతకాలం శిక్ష అనుభవించాక సత్ప్రవర్తనకు గుర్తింపుగా ఇచ్చేది ఫర్లో. అది శిక్షలో భాగంగానే లెక్క. 2017లో అష్ఫాక్ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. సమాజంతో, కుటుంబంతో తెగిపోకుండా ఉండటం ఖైదీకే కాదు, సమాజానికీ మేలని ఆ తీర్పు సారాంశం. 2021లో నారాయణ్ సాయి కేసులో అదే కోర్టు ఫర్లో సంపూర్ణ హక్కు కాదని, ప్రజాహితం కోసం నిరాకరించవచ్చని కూడా అంది. తెలుగు రాష్ట్రాల్లో దీనికి పునాది 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైలు నియమాలు, పెరోల్‌పై శిక్ష నిలిపివేతకు సంబంధించిన 1981 నియమాలు. విభజన తర్వాత తెలంగాణ ఆ పాత చట్రాన్నే వారసత్వంగా తెచ్చుకుంది.

కాగితం మీద ఇది బాగానే కనిపిస్తుంది. కథంతా ఆ కాగితం నడిచే దారిలో ఉంది. ఖైదీ దరఖాస్తు సూపరింటెండెంట్ దగ్గర మొదలై, అతని ఊరి పోలీస్ స్టేషన్‌కు విచారణ కోసం వస్తుంది. ఒక కానిస్టేబుల్ బండి మీద ఊరికి వెళ్లి అడుగుతాడు: ఇల్లు ఏది, ఇంట్లో ఎవరున్నారు, ఇతను వస్తే ఎవరికైనా అభ్యంతరమా, చనిపోయినవాళ్ల కుటుంబం ఏమంటోంది, పూచీకత్తు ఎవరిస్తారు. 'శాంతిభద్రతలకు భంగం కలగవచ్చు' అని ఒక్క వాక్యం రాస్తే ఫైలు అక్కడితో మూసుకుపోతుంది. ఆ వాక్యానికి ఆధారం చూపమని అడిగే ఓపిక, డబ్బు ఉన్నవాడు హైకోర్టుకు వెళ్తాడు. లేనివాడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటాడు.

ఈ విచారణను తెల్లాపూర్‌కు తెచ్చి చూడండి. 2008లో భూమి తగాదాలో హత్య చేసి జీవిత ఖైదు పడ్డ ఒక మనిషిని ఊహించుకుందాం. దరఖాస్తులో రాసిన ఇంటి నంబరు పంచాయతీ నాటిది. ఇప్పుడు అక్కడ ఇల్లు లేదు, అది ఏదో లేఔట్‌లో రోడ్డయిపోయింది. పొలం అమ్మేసిన తమ్ముడు ఎటో వెళ్లిపోయాడు. తల్లి టవర్లలో ఇళ్లపని చేసుకుంటూ ఎక్కడో గది అద్దెకు తీసుకుంది. అతన్ని ఎరిగిన ఇరుగుపొరుగు చెల్లాచెదురయ్యారు. కానిస్టేబుల్ తలుపు తట్టే ఇంట్లో ఉన్నది వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఐటీ ఉద్యోగి. 'ఈయన తెలుసా' అంటే 'తెలియదు' అనడం అతని తప్పు కాదు. ఊరు తెలుసు అంటేనే సెలవు దొరికే వ్యవస్థలో, ఊరే మారిపోయినప్పుడు ఏం జరుగుతుంది? ఇది ఒక్క తెల్లాపూర్ సమస్య కాదు. హైదరాబాద్ చుట్టూ కలిసిపోయిన పల్లెలన్నిటిదీ. పోనీ సెలవు దొరికిందనుకుందాం. తల్లి పనిచేసే టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ అతని ఫోన్ నంబరు అడుగుతాడు, ఓటీపీ వస్తుంది చెప్పమంటాడు. అతనికి ఫోన్ లేదు. 2008లో లోపలికి వెళ్లినవాడికి ఓటీపీ అంటే ఏమిటో తెలియదు. తల్లిని చూడాలంటే సాయంత్రం ఆమె పని దిగి గేటు బయటికి వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడాలి. అనుమానాస్పదంగా నిలబడ్డ మనిషి గురించి ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తారు. సెలవు నిబంధనలు ఉల్లంఘించాడని రాయడానికి అంత చాలు. నేరకథకు ఇంతకన్నా ఉత్కంఠ కల్పించాల్సిన అవసరం లేదు.

పూచీకత్తు సంగతి మరీ కఠినం. 1978లో మోతీరామ్ కేసులో ఒక మేస్త్రీకి పది వేల రూపాయల జామీను అడిగి, అతని సోదరుడు వేరే జిల్లావాడని, ఆస్తి అక్కడుందని జామీను తిరస్కరించారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో, దక్షిణాది నుంచి దూర ప్రాంతానికి వెళ్లి పట్టుబడ్డ మనిషి అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడని నిలదీశారు. అప్పుడు ఆ ప్రశ్న బయటికి వెళ్లిన మనవాళ్ల తరఫున అడిగింది. ఇప్పుడు పటాన్‌చెరులో అదే ప్రశ్నను ఒడియా కూలీ, బీహారీ హమాలీ మనల్ని అడుగుతున్నారు. పాశమైలారం గదిలో జరిగిన కొట్లాటలో శిక్ష పడ్డ కుర్రాడి ఇల్లు గంజాం జిల్లాలో ఉంటే, విచారణ నివేదిక అక్కడి స్టేషన్ నుంచి రావాలి. అక్కడి భాష వేరు, అధికారులు వేరు. ఇక్కడ అతని కోసం సంతకం పెట్టేవాడు కాంట్రాక్టర్ తప్ప ఎవరూ ఉండరు, కాంట్రాక్టర్ పెట్టడు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు బెయిల్ విషయంలో స్థానిక జామీనుదారు కావాలని పట్టుబట్టడం విడుదలలు ఆలస్యం కావడానికి ఒక కారణమని గుర్తించి, అలాంటి షరతు పెట్టనక్కర్లేదని చెప్పింది. ఆ ఉదారత పెరోల్ ఫైళ్ల దాకా రావాలి.

ఇంకో సంగతి మరవకూడదు. పెరోల్, ఫర్లో శిక్ష పడ్డవాళ్లకే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలు. నేరం రుజువు కాని వీళ్లకు తల్లి చనిపోయినా పెరోల్ అన్న మాటే లేదు. మధ్యంతర బెయిల్ కోసమో, ఎస్కార్టుతో కొన్ని గంటల కోసమో కోర్టునే బతిమాలుకోవాలి. 2021లో అల్లరి నరేశ్ 'నాంది' ఈ విచారణ ఖైదీల నరకాన్ని తెలుగు తెర మీదికి తెచ్చింది. రెండో సగం ప్రతీకారం వైపు మళ్లినా, మొదటి సగంలోని జైలు సన్నివేశాల్లో నిజం ఉంది.

ఆడవాళ్ల సంగతి వేరు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 2006లో సుప్రీంకోర్టు తల్లితో జైల్లో పెరిగే పిల్లల కోసం మార్గదర్శకాలిచ్చింది. బిడ్డ ఆరేళ్ల వరకే తల్లి దగ్గర ఉండొచ్చు. ఆరు నిండిన రోజున బిడ్డ బయటికి, తల్లి లోపలే. ఆ తర్వాత తల్లికి దొరికే ప్రతి సెలవూ ఆ బిడ్డకు తాను ఎవరో గుర్తు చేయడానికే పోతుంది. ఈ కథను ఎవరైనా మహిళా దర్శకురాలు తీస్తే చూడాలని నా కోరిక.

పెరోల్ ఎంత నిష్ఠురంగా ఉండగలదో తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా. అమలాపురంలో పుట్టి, ఢిల్లీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన మనిషి. పోలియో వల్ల చక్రాల కుర్చీకే పరిమితమై తొంభై శాతం వైకల్యంతో బతికినవాడు. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు జీవిత ఖైదు వేశాక నాగ్‌పూర్ జైల్లో ఉన్నాడు. 2020లో హైదరాబాద్‌లో తల్లి క్యాన్సర్‌తో మంచం పట్టింది. కొడుకును చూడాలని ఆమె, తల్లిని చూడాలని అతను ఎంత కోరుకున్నా అత్యవసర పెరోల్ ఇవ్వలేదు. ఆగస్టు 1న ఆమె చనిపోయింది. కర్మకాండలకు కూడా పంపలేదు. కోవిడ్ కాలమని, నేరం తీవ్రమైనదని కారణాలు చెప్పారు. నడవలేని మనిషి ఎక్కడికి పారిపోతాడన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అదే ఏడు అక్టోబరు 12న నిమ్స్‌లో కన్నుమూశాడు. కోర్టు తప్పు దిద్దుకుంటే ఖైదీకి స్వేచ్ఛ తిరిగొస్తుంది. తల్లి ఆఖరి చూపు తిరిగి రాదు. అందుకే పెరోల్‌ను దయాదాక్షిణ్యంగా చూడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆరోగ్య కారణాల మీద 2021 ఫిబ్రవరిలో తాత్కాలిక బెయిల్ పొందిన వరవరరావు కూడా ముంబైలోనే ఉండాల్సి వచ్చింది. హైదరాబాద్ వచ్చి కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకోవాలన్నా కోర్టు అనుమతి అడగాల్సి వచ్చింది.

రెండో వైపు డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ల సెలవులు. జెస్సికా లాల్ హత్య కేసులో శిక్ష పడ్డ మనుశర్మ 2009లో తల్లి అనారోగ్యమని పెరోల్ మీద వచ్చి ఢిల్లీ నైట్‌క్లబ్బులో కనిపించి, గడువుకు ముందే తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అత్యాచారం కేసులో 2017లో శిక్ష పడ్డ డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌కు పెరోల్, ఫర్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి, చాలాసార్లు ఎన్నికల ముందు. మన దగ్గర 2025 ఆగస్టులో నెల్లూరు కేంద్ర కారాగారంలోని ఒక జీవిత ఖైదీకి ఇచ్చిన పెరోల్ మీద, దాని వెనక ప్రజాప్రతినిధుల సిఫారసు లేఖల మీద పెద్ద దుమారం రేగి, చివరికి పెరోల్ రద్దయింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ జనం కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం ఫలితం పలుకుబడి ఉన్నవాడి మీద పడదు. కింది అధికారి భయపడి తర్వాతి పది మంది పేద ఖైదీల ఫైళ్లను పక్కన పడేస్తాడు.

ఇది మనకే పరిమితం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం వారాంతపు సెలవు ఇస్తే, విల్లీ హోర్టన్ అనే జీవిత ఖైదీ 1986లో తిరిగి రాలేదు. మరుసటి ఏడు మేరీల్యాండ్‌లో ఒక జంట మీద దారుణానికి ఒడిగట్టాడు. 1988 అధ్యక్ష ఎన్నికల్లో మసాచుసెట్స్ గవర్నర్ డుకాకిస్‌కు వ్యతిరేకంగా ఆ ఒక్క మనిషి ముఖాన్ని టీవీ ప్రకటనల్లో తిప్పారు. ఆ తర్వాత ఆ దేశంలో ఖైదీల సెలవుల గురించి మాట్లాడటానికే రాజకీయ నాయకులు జంకారు. లండన్‌లో 2019 నవంబరు 29న జరిగింది వేరు. షరతులతో విడుదలైన ఉగ్రవాది ఫిష్‌మాంగర్స్ హాల్‌లో కత్తితో ఇద్దరిని చంపాడు. అదే హాల్లో ఒక రోజు సెలవు మీద వచ్చిన స్టీవెన్ గాలంట్ అనే హత్య ఖైదీ, నార్వాల్ తిమింగలం దంతం పట్టుకుని అతని మీదికి ఉరికాడు. గాలంట్ శిక్షను తర్వాత పది నెలలు తగ్గించారు. ఒకే గదిలో, ఒకే రోజున, వ్యవస్థ వైఫల్యమూ విజయమూ ఎదురెదురుగా నిలబడ్డాయి. సెలవు ఇవ్వాలా వద్దా అని మొత్తంగా తేల్చేయాలనుకునే వాళ్లకు ఆ రోజు జవాబివ్వదు. ఎవరిని ఎలా పరిశీలించి పంపారన్నదే అసలు ప్రశ్న.

మన దేశమంతా కలిసి చేసిన అతి పెద్ద ప్రయోగం కోవిడ్ కాలంలో జరిగింది. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు జైళ్లలో రద్దీ తగ్గించమని రాష్ట్రాల్లో ఉన్నతస్థాయి కమిటీలు వేయించింది. ఏడేళ్ల లోపు శిక్షల కేసుల్లో వేలాదిమంది పెరోల్, మధ్యంతర బెయిల్ మీద బయటికి వచ్చారు. 2023 మార్చి 24న అదే కోర్టు, అలా వచ్చినవాళ్లంతా 15 రోజుల్లో లొంగిపోవాలని ఆదేశించింది. మూడేళ్లు కూలి పని చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసి, అప్పు తీర్చుకుని, ఒక రోజు పొద్దున బట్టల సంచి పట్టుకుని మళ్లీ గేటు దగ్గరికి వెళ్లిన మనుషులు మన మధ్య ఉన్నారు. దీని మీద ఒక్క తెలుగు నవల, ఒక్క మంచి సినిమా నా దృష్టికి రాలేదు. నిజాం జైళ్లను అనుభవించిన వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథల్లో మామూలు ఖైదీలను, దొంగలను, హంతకులను మనుషులుగా చూపించాడు. ఆ చూపు ఉన్న భాషలో ఈ మూడేళ్ల కథ రాకపోవడం బాధగా ఉంది.

సినిమాకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. 1980లో విడుదలైన 'మా భూమి'ని గౌతమ్ ఘోష్ తీసింది పాత మెదక్ జిల్లా మంగళపర్తిలో. అప్పటి జిల్లా కేంద్రం ఈ సంగారెడ్డే. నిర్మాతల్లో ఒకరైన బి. నరసింగరావు ఆ పాత జిల్లావాడే. 2018లో వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం'ను ఆ పేటలోని జనంతోనే నటింపజేసి తీశాడు. వెట్రిమారన్ 'విసారణై' గుంటూరు లాకప్పుల్లో తమిళ కూలీలు తిన్న దెబ్బల కథ, అలా దెబ్బలు తిన్న ఎం. చంద్రకుమార్ రాసిన పుస్తకమే దానికి ఆధారం. ఈ మూడూ చెప్పేది, నేరం, పోలీసు, పేదరికం గురించి నిజం చెప్పే సినిమాకు కావలసింది స్టారు కాదని. సెలవు కథకైతే జైలు లోపల ఒక్క షాటు కూడా అక్కర్లేదు. అనుమతుల బెడద తప్పుతుంది. గేటు బయట మొదలై గేటు బయట ముగిసినా చాలు. స్టేషన్‌లో సంతకం పెట్టే రిజిస్టరు, అద్దె గది, పొద్దున్నే కూలీల అడ్డా, ఇస్నాపూర్ షేర్ ఆటో, తెల్లాపూర్ రైల్వే స్టేషన్ ఉంటే సరిపోతుంది.

ఒక్క షరతు. హత్యకు గురైనవాడి కుటుంబం కూడా అదే ఊళ్లో ఉంటుంది. వాళ్లను విలన్లను చేస్తే కథ అబద్ధమైపోతుంది. భర్తను పోగొట్టుకున్న ఆవిడ, చంపినవాడు కిరాణా కొట్టు దగ్గర నిలబడితే చూడలేక పక్క సందులోంచి వెళ్లడం కూడా ఈ కథే. పోలీసు విచారణలో ఆమె మాట ఒక వాక్యానికి కుదించుకుపోతుంది. సినిమా ఆ వాక్యాన్ని విప్పి చూపించాలి. ఖైదీ మీద జాలితో మొదలైన సినిమా ఆమె దగ్గరికి వచ్చేసరికి తడబడితే, అది సంస్కరణ ప్రచారం కోసం తీసిన ప్రకటనలా మిగిలిపోతుంది.

కేంద్రం 2023లో రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టంలో, ఎలక్ట్రానిక్ ట్రాకింగ్ పరికరం పెట్టుకోవడానికి ఒప్పుకున్న ఖైదీకి సెలవు ఇవ్వొచ్చన్న అంశం ఉంది. పూచీకత్తు ఇచ్చేవాడు లేని వలస కూలీకి అది దారి చూపవచ్చు. కాలికి పట్టీతో తల్లి ముందు, పిల్లల ముందు తిరగాల్సిన మనిషి అవమానాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. నా మట్టుకు పరికరం కన్నా ముందు జరగాల్సినవి రెండున్నాయి. ఏటా ఎంతమంది సెలవు అడిగారు, ఎంతమందికి ఏ కారణంతో నిరాకరించారు అన్న లెక్కను తెలంగాణ జైళ్ల శాఖ జిల్లాలవారీగా బయట పెట్టాలి. ఊరు చెదిరిపోయినవాళ్ల విషయంలో, వేరే రాష్ట్రంవాళ్ల విషయంలో, స్థానిక ఆస్తిపరుడి పూచీకత్తుకు బదులు జైల్లో ఖైదీ నడవడికను, ప్రొబేషన్ అధికారి నివేదికను ఆధారం చేసుకోవాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు చాలు.